తల్వార్ తారీఖ్, కాగితాల తారీఖ్



ఈ నాలుగైదు నెలల్లో నేను ఒక సీరియల్, రెండు ఫిల్ములు చూశాను. రెండు కితాబులు చదివాను. అన్నీ ఏదో ఒక రకంగా తారీఖ్ చుట్టూ తిరిగేవే. ఏది పసంద్ వచ్చింది, ఏది రాలేదు అని నాలుగు ముక్కలు రాసి వదిలేద్దామనే కూర్చున్నాను. రాస్తుంటే ఒక సవాల్ వెంటపడింది. మన బచ్చాల చేతికి మనం ఏ తారీఖ్ ఇస్తున్నాం? దూరదేశపు బహాదుర్ల కిస్సాలు ఇస్తున్నాం సరే, మన సొంత దాదా, నానాల జమానా సంగతి ఏం చెబుతున్నాం?

ముందు సీరియల్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మీలో చాలా ఇళ్లలో అది చూసే ఉంటారు. తుర్కియే ప్రభుత్వ చానల్ టీఆర్‌టీ 2014 నుంచి 2019 దాకా ప్రసారం చేసిన ఎర్తుగ్రుల్. 2020 రంజాన్‌లో పాకిస్తాన్ టీవీ దాన్ని ఉర్దూలో వేసింది. లాక్‌డౌన్ రోజులు, అందరూ ఇంట్లోనే. ఇఫ్తార్ అయ్యాక ఫోన్లలో, టీవీల్లో అదే. నేను అప్పుడు ముక్కలు ముక్కలుగా చూశాను. ఈసారి మా బచ్చాలతో కూర్చొని మొదటి సీజన్ పూర్తిగా చూశాను.

మజా వచ్చింది, దాచడం దేనికి? గుర్రాలు, ఖైమాలు, మంచు కొండలు. పెద్దల ముందు అదబ్‌గా నిలబడే కొడుకులు. తల్లి హైమా సలహా లేనిదే కబీలా ముందుకు కదలదు. సినిమాల్లో ముసల్మాన్ అంటే డాన్, టెర్రరిస్టు, లేదంటే హీరో కోసం జాన్ ఇచ్చే దోస్త్. అలాంటివి చూసి చూసి విసిగిన కళ్లకు, బిస్మిల్లాహ్ అని లేచి నిలబడే హీరో దొరికితే దిల్ ఖుష్ అవుతుంది. మన ఇళ్లలో ఆ సీరియల్ అంతగా నడవడానికి అసలు కారణం అదే అనుకుంటాను.

కానీ బచ్చాలు అడుగుతారు కదా, ఇదంతా నిజమేనా అని. ఆ జవాబ్ కోసం కొంచెం చదివాను. అసలు ఎర్తుగ్రుల్ గురించి పక్కాగా తెలిసింది చాలా తక్కువ. ఆయన కొడుకు ఉస్మాన్ వేయించిన సిక్కా మీద తండ్రి పేరుగా ఎర్తుగ్రుల్ కనిపిస్తుంది. ఆ కాలం నుంచి మనకు మిగిలిన సబూత్ దాదాపు అంతే. ఉస్మానీ సల్తనత్ పెద్దదయ్యాక, ఎర్తుగ్రుల్ పోయిన వంద నూటయాభై ఏళ్ల తర్వాత, దర్బారు రచయితలు ఆయన కథ రాశారు. ఆయన తండ్రి ఎవరన్న దాని మీదే చరిత్రకారులు ఒక మాట మీద లేరు. సీరియల్‌లో ఇబ్న్ అరబీ వచ్చి ఎర్తుగ్రుల్‌కు దుఆ ఇస్తుంటారు. ఇబ్న్ అరబీ నిజమైన మనిషి, అనతోలియాలో తిరిగిన మాటా నిజం, 1240లో దమిష్క్‌లో ఇంతెకాల్ అయ్యారు. ఇద్దరూ కలిసినట్టు మాత్రం తారీఖ్‌లో ఎక్కడా లేదు.

కల్పించడం గునాహ్ అని నేను అనడం లేదు. కథ కథే. నా షికాయత్ వేరే ఉంది. ఆ లోకంలో ప్రతి ముసీబత్‌కీ ఒక బయటి దుష్మన్ ఉంటాడు, లోపల ఒక గద్దార్ ఉంటాడు. ఇద్దరి తలలూ తెగితే ముసీబత్ తీరిపోతుంది. పంట ఎండదు, షావుకారు అప్పు ఉండదు, సర్కారు దఫ్తర్ నుంచి నోటీసు రాదు. తారీఖ్ అంటే తల్వార్, తల్వార్ అంటే గెలుపు. రోజూ అదే చూసిన పిల్లవాడికి, ఓడిపోయిన జమానాలో బతికిన తన సొంత దాదా ఎలా కనిపిస్తాడు? బుజ్‌దిల్‌లా కనిపిస్తాడేమో అని నాకు ఫికర్.

ఈ ఫికర్‌తోనే గర్మ్ హవా మళ్లీ పెట్టాను. ఎం.ఎస్. సత్యు తీసిన ఫిల్మ్. ఇస్మత్ చుగ్తాయ్ అచ్చువేయని ఒక అఫ్సానా దానికి ఆధారం. కైఫీ ఆజ్మీ, షమా జైదీ కలిసి రాశారు. కల్లోలం లేస్తుందన్న భయంతో సెన్సార్ దగ్గర నెలల తరబడి ఆగింది. తర్వాత దానికే జాతీయ సమైక్యత అవార్డు ఇచ్చారు.

కథ ఆగ్రాలో. గాంధీజీ హత్య జరిగిన రోజులు. సలీం మీర్జా బూట్ల కార్ఖానా నడుపుతాడు. ఆ పాత్ర బల్‌రాజ్ సాహ్నీది. ఫిల్మ్ బయటికి రాకముందే, 1973 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. సలీం మీర్జా రిష్తేదార్లు ఒక్కొక్కరే రైలెక్కి పాకిస్తాన్ వెళ్లిపోతుంటారు, ఆయన స్టేషన్‌కి వెళ్లి సాగనంపి వస్తుంటాడు. ఇక్కడే ఉంటామని తఖ్రీర్లు దంచిన అన్న హలీం కూడా వెళ్లిపోతాడు. ముసీబత్ అంతా అక్కడ మొదలవుతుంది. హవేలీ కాగితాల మీద ఉన్నది హలీం పేరు. మనిషి సరిహద్దు దాటాడు కాబట్టి ఆ ఇల్లు సర్కారు లెక్కలో ‘ఎవాక్యూ ప్రాపర్టీ’, అంటే దేశం వదిలి పోయినవాడి ఆస్తి. దేశం వదలని తమ్ముడు, వాళ్ల ముసలి అమ్మ మాత్రం ఆ ఇంట్లోనే ఉన్నారు. కాగితానికి ఆ సంగతి పట్టదు.

ఆ ఇల్లు కరాచీ వైపు నుంచి వచ్చిన ఒక సింధీ వ్యాపారికి దక్కుతుంది. ఆ మనిషిని జాలిమ్‌లా చూపించలేదు. ఆయనా అక్కడ ఇల్లు పోగొట్టుకొని వచ్చినవాడే. ఆ పాత్ర వేసిన ఏ.కె. హంగల్ పార్టిషన్ తర్వాత కరాచీ నుంచి ముంబై చేరినవారు. బల్‌రాజ్ సాహ్నీ పుట్టింది రావల్పిండిలో. ఇల్లు పోగొట్టుకున్న ముసల్మాన్‌గా, ఆ ఇంటికి వచ్చిన సింధీగా నటించిన ఇద్దరికీ సొంత ఊళ్లు సరిహద్దుకి ఆవలే ఉన్నాయి. ఈ సంగతి తెలిసి చూస్తే వాళ్లిద్దరి మధ్య సీన్లు వేరేలా కనిపిస్తాయి.

ఫిల్మ్‌లో పెద్ద ఫసాద్ సీన్ల కోసం చూస్తే నిరాశ పడతారు. బ్యాంకు కర్జ్ ఇవ్వదు. కిరాయికి ఇల్లు దొరకదు. చదువుకున్న కొడుకు సికందర్ నౌకరీ కోసం తిరిగితే ఇక్కడెందుకు, అక్కడికి పో అనే మాటలు వస్తాయి. జాసూసీ ఇల్జామ్ పడి, బేకసూర్ అని విడిచిపెట్టాక కూడా సలీం మీర్జాను చూసే చూపులు మారవు. కూతురు ఆమినా మంగ్నీ రెండుసార్లు ఇలాగే చెదిరిపోతుంది, ఆ పిల్ల జాన్ తీసుకుంటుంది. ముసలి దాదీ హవేలీ వదలనని కోఠ్రీలో దాక్కుంటుంది. ఆఖరి శ్వాస అక్కడే వదలాలని ఆమెను డోలీలో మళ్లీ ఆ ఇంటికి మోసుకొస్తారు. చివరికి సలీం మీర్జా కూడా సామాను కట్టుకొని టాంగా ఎక్కుతాడు. దారిలో నౌకరీల కోసం, రోటీ కోసం నడుస్తున్న జులూస్ ఎదురవుతుంది. సికందర్ దిగి అందులో కలుస్తాడు. తండ్రి ఒక్క క్షణం చూసి, బేగంను ఇంటికి పంపించి, తానూ దిగుతాడు.

చేతిలో తల్వార్ లేని ఆ పెద్దమనిషిలో నాకు ఎర్తుగ్రుల్ కన్నా ఎక్కువ హిమ్మత్ కనిపించింది. మా పెద్దబ్బాయి మొదటి అరగంట బోర్ అన్నాడు. దాదీని డోలీలో తెచ్చే సీన్‌కి వచ్చేసరికి ఫోన్ పక్కన పెట్టేశాడు.

ఆగ్రా కథ చూశాక సహజంగానే మన హైదరాబాద్ వైపు ఖయాల్ పోతుంది. ఎవాక్యూ ప్రాపర్టీ చట్టం ఇక్కడా నడిచింది. ఇక్కడా ఖాందాన్లు విడిపోయాయి. మా నానీ వాళ్లది మెదక్ వైపు పల్లె. ఆమెకు సన్ తెలియదు, తారీఖు తెలియదు. ‘పోలీస్ యాక్షన్‌కి ముందు’, ‘పోలీస్ యాక్షన్ తర్వాత’ అని రెండే కాలాలు. ఆ రోజుల్లో ఏమైంది నానీ అని అడిగితే, అల్లాహ్ చూసుకున్నాడు బేటా అని పాన్‌దాన్ దగ్గరికి జరుపుకునేది. ఇలాంటి ఖామోషీ మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది.

ఆ ఖామోషీ వెనక ఏముందో తెలుసుకోవాలని చదివిన కితాబ్ ఏ.జి. నూరానీ రాసిన ‘ది డిస్ట్రక్షన్ ఆఫ్ హైదరాబాద్’, 2013లో వచ్చింది. నూరానీ సుప్రీంకోర్టు వకీల్, 2024 ఆగస్టులో ఇంతెకాల్ అయ్యారు. పుస్తకం కూడా వకీల్ రాసినట్టే ఉంటుంది. ఉత్తరాలు, తార్‌లు, ఒప్పందాలు, ఎవరు ఏ రోజు ఏమన్నారు. 1947 నవంబరులో నిజాంకీ ఢిల్లీకీ మధ్య ఏడాదికి కుదిరిన యథాతథ ఒప్పందం, అది ఎలా చెడింది, 1948 సెప్టెంబరు 13న ఫౌజ్ రావడం, 17న నిజాం లొంగిపోవడం. నెహ్రూ, పటేల్ ఇద్దరి చూపులో ఎంత ఫర్ఖ్ ఉందో చెప్పడానికి చాలా పేజీలు పెట్టారు.

నాకు అందులో అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది వెనకాల జోడించిన సుందర్‌లాల్ కమిటీ రిపోర్టు. నెహ్రూ పంపిన బృందం అది. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ ముఖ్యులు. ఖాజీ సాహెబ్ హైదరాబాద్‌లో ‘పయామ్’ అఖ్బార్ నడిపిన ఉర్దూ అదీబ్. రియాసత్‌లోని 16 జిల్లాల్లో 9 తిరిగి చూశారు. పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ తర్వాత, తక్కువలో తక్కువ లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది జాన్ పోయిందని రాశారు. అన్నిటికన్నా ఘోరంగా నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఈ రిపోర్టును సర్కారు దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. కాగితం ఉంది, అల్మారీలో ఉంది, చదవడానికి లేదు. మా నానీ ఖామోషీకీ ఆ అల్మారీ ఖామోషీకీ ఏదో రిష్తా ఉందనిపించింది.

ఈ నంబర్ మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. ఆ రిపోర్టులో ఉన్న మిగతా రెండు సంగతులు తిరగవు. మొదటిది, అంతకు ముందు రజాకార్లు చేసిన జుల్మ్‌ని కూడా ఆ బృందం దాచలేదు. పల్లెల నుంచి పైసలు వసూలు చేయడం, లూటీ, ఖూన్, ఔరతుల మీద అత్యాచారాలు. రెండోది, ముసల్మాన్ల జాన్ కాపాడిన హిందువుల సంగతి. ముసల్మాన్ నేతగాళ్లను కాపాడడానికి తోటి హిందూ నేతగాళ్లు అడ్డం నిలబడి ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారని రాసి ఉంది. ఎత్తుకుపోయిన ఔరతులు తప్పించుకోవడానికి చాలామంది హిందువులు సాయపడ్డారు. ఒకే మగ్గం పని చేసుకునే వాళ్ల మధ్య ఆ ముహబ్బత్ నిలబడిందన్నమాట. రిపోర్టు బచ్చాలకు చెబితే మూడు సంగతులూ కలిపి చెప్పాలి. ఒక్క నంబర్ చెప్పి ఊరుకుంటే అది నఫ్రత్‌కి మాత్రమే పనికొస్తుంది.

రజాకార్ల సంగతి వచ్చింది కాబట్టి షోయెబుల్లా ఖాన్ పేరు ప్రతి ముసల్మాన్ ఇంట్లో తెలియాలని నా ఖాహిష్. ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ అఖ్బార్ ఎడిటర్. హైదరాబాద్ హిందుస్తాన్‌లో కలవాలని, రజాకార్ల దారి తప్పని రాశారు. 1948 ఆగస్టులో, ఫౌజ్ రావడానికి కొద్ది వారాల ముందు, రాత్రి దఫ్తర్ నుంచి ఇంటికి వెళ్తుంటే చంపేశారు. రాసిన చేతిని నరికేశారు. రజాకార్ల కథ ఎవరైనా మన మీద వేలెత్తి చెప్పినప్పుడు మన పిల్లలు తల దించుకోవాల్సిన అవసరం గానీ, రజాకార్లను వెనకేసుకు రావాల్సిన అవసరం గానీ లేదు. వాళ్లకు ఎదురు నిలిచిన కలం కూడా మనదే.

నూరానీ పుస్తకం మీద నాకు ఒక అసంతృప్తి ఉంది. అందులో ఢిల్లీ ఉంది, కింగ్ కోఠీ ఉంది, పల్లె లేదు. ఔరతులు దాదాపు లేరు. ఆ లోటు జీలానీ బానో ఉర్దూ నవల ‘ఐవాన్-ఎ-గజల్’ కొంత తీర్చింది. 1936లో బదాయూన్‌లో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన రచయిత్రి. నవల 1976లో వచ్చింది. ఐవాన్-ఎ-గజల్ అనేది ఒక నవాబు హవేలీ పేరు. బయటికి షాయరీ, మెహ్‌ఫిల్, తహజీబ్. లోపల చాంద్, గజల్ అనే అమ్మాయిల బతుకులు. వాళ్ల అందాన్ని, హునర్‌ని ఇంటి మర్దులే తమ ఫాయిదాకి ఎలా వాడుకున్నారో చదువుతుంటే చాయ్ చల్లారిపోయింది. జాగీర్లు పోతాయి, జమానా మారుతుంది, హవేలీ పడిపోతుంది. చాంద్ కోసం అఫ్సోస్ అయింది గానీ హవేలీ కోసం కాలేదు.

మన దావత్‌లలో పెద్దలు ‘క్యా జమానా థా’ అని నిట్టూరుస్తుంటారు. ఆ జమానా ఎవరికి? 1949లో జాగీర్దారీ రద్దయినప్పుడు పోగొట్టుకోవడానికి జాగీర్ ఉన్న ముసల్మాన్లు పిడికెడు మంది. మిగతావాళ్లు జవాన్లు, చప్రాసీలు, గుమాస్తాలు, దర్జీలు, దూదేకులవాళ్లు, కౌలు రైతులు. సర్కారు కొలువులు, ఉర్దూ నౌకరీలు పోయినప్పుడు నిజంగా మునిగింది ఈ చిన్నవాళ్లే. నవాబు యాదుల్లో వీళ్ల పేర్లు ఉండవు.

ఆఖరుగా చూసింది మన తెలుగు ఫిల్మ్, మా భూమి. 1970ల చివర్లో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ తీయించారు. డైరెక్టర్ గౌతమ్ ఘోష్ బెంగాలీ, అది ఆయన మొదటి కథాచిత్రం. దీని మూలం ఉర్దూ నవల అని మనలో ఎందరికి తెలుసు? తెలంగాణ సాయుధ పోరాటం మీద కిషన్ చందర్ రాసిన ‘జబ్ ఖేత్ జాగే’. ఉర్దూలో రాసింది ఒక పంజాబీ హిందూ రచయిత, తెలుగులో తీసింది ఒక బెంగాలీ డైరెక్టర్, కథ నల్లగొండ, వరంగల్ వైపు రైతులది. ఉర్దూ అంటే ముసల్మాన్ల జబాన్ మాత్రమే అనేవాళ్లకు ఈ ఒక్క ముక్క చెబితే చాలు.

ఫిల్మ్ హీరో రామయ్య, సాయిచంద్ వేశారు. దొర దగ్గర వెట్టి, దొర గడీ ముందు వంగిన నడుములు, దొర కన్ను పడిన ఆడపిల్లలు. ఊరు వదిలి పట్నం వెళ్లి, అక్కడ కార్మికుల సంఘాల పరిచయంతో కళ్లు తెరుచుకొని మళ్లీ ఊరికి వస్తాడు. దొర హిందూ, ఆయనకు అండగా వచ్చే రజాకార్లు ముసల్మాన్లు. పేదవాణ్ణి తొక్కేటప్పుడు ఇద్దరికీ మజహబ్ అడ్డం రాలేదు. పోలీస్ యాక్షన్ అయ్యాక అదే దొర గాంధీ టోపీ పెట్టుకొని ఊరికి తిరిగివస్తాడు. డైలాగ్ అవసరం లేని సీన్ అది.

ఇటువైపు కూడా ముసల్మాన్లు ఉన్నారు. విసునూరు దేశ్‌ముఖ్‌తో తన భూమి కోసం కోర్టులో కొట్లాడిన షేక్ బందగీ పేద రైతు. దొర మనుషులు ఆయన్ను చంపేశారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మాభూమి’ నాటకంలో బందగీ కథ ఉంది, ఆంధ్ర పల్లెల్లో ఆ నాటకాన్ని వేలమంది చూశారు. అప్పటి మెదక్ జిల్లా అందోలులో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ షాయరీ చేతపట్టుకొని రైతుల వైపు, కార్మికుల వైపు నిలబడ్డాడు. మన బచ్చాలకు దూరదేశపు బేగ్‌ల పేర్లు పది వస్తాయి. కామారెడ్డిగూడెం బందగీ పేరు రాదు.

ఈ ఐదింటిలో ఏది చూడాలి అని అడిగేవాళ్లకు నా సలహా. ఎర్తుగ్రుల్ చూడనివ్వండి, ఆపితే ఇంకా చూస్తారు. అది కథ అని, తారీఖ్‌లో ఆ మనిషి గురించి తెలిసింది ఇంతేనని పక్కన కూర్చొని చెప్పండి. ఆ తర్వాత ఒక ఇత్వార్ గర్మ్ హవా, ఇంకో ఇత్వార్ మా భూమి. పన్నెండు పదమూడేళ్లు దాటినవాళ్లు చూడొచ్చు. రెండింటిలోనూ మనసుకి బరువైన సీన్లు ఉన్నాయి కాబట్టి ఒంటరిగా వదలకండి. నూరానీ పుస్తకం పెద్దలకు. మొత్తం చదివే ఓపిక లేకపోతే వెనకాల రిపోర్టు ఒక్కటి చదవండి. ఐవాన్-ఎ-గజల్ ఉర్దూ చదవడం వచ్చినవాళ్లు ఇంట్లో పైకి చదివి వినిపిస్తే, రానివాళ్లకీ అందుతుంది.

వాటితోపాటు ఇంకో పని ఉంది. మీ ఇంట్లో ఎనభై దాటిన నానీ, దాదా, పెద్దమ్మ ఎవరైనా ఉంటే ఇప్పుడే అడగండి. ఆ రోజుల్లో మీరు ఎక్కడున్నారు, ఎవరి ఇంట్లో తలదాచుకున్నారు, ఎవరు అన్నం పెట్టారు, ఏం పోయింది. ఫోన్‌లో రికార్డు చేయండి, ఒక నోట్‌బుక్కులో రాయండి. పాత సందూక్‌లో పట్టా కాగితమో, సనదో, ఉస్మానియా సర్టిఫికెటో ఉంటే ఫోటో తీసి పెట్టండి. మా నానీని గట్టిగా అడిగే ఉమర్ నాకు వచ్చేసరికి ఆమె లేదు. ఆమె చెల్లెలు ఒకావిడ ఉన్నారు, వినికిడి తగ్గింది గానీ యాద్ బాగానే ఉంది. వచ్చే నెల ఇన్షా అల్లాహ్ బచ్చాలను తీసుకొని ఆమె దగ్గరికి వెళ్తున్నాం. ఏం అడగాలో ప్రశ్నలు వాళ్లే రాసుకుంటున్నారు. ‘ఇల్లు ఎవరి పేరు మీద ఉండేది?’ అన్నది మా పెద్దబ్బాయి రాసిన మొదటి ప్రశ్న.